జానెడు దూరం

మిషనక్క గుడ్డ కత్తిరించే తీరు చూస్తే ఆమె స్వభావం సగం తెలిసిపోయేది. టేపు చెప్పిన కొలత ఎంతైనా, కత్తెర దానికి కాస్త అవతలే నడిచేది. భుజాల దగ్గర రెండు వేళ్లు, నడుము దగ్గర మూడు వేళ్లు, అంచున బెత్తెడు గుడ్డ అదనంగా వదిలి, లోపలికి మడిచి కుట్టేది. పిల్లలు ఎదిగినకొద్దీ ఆ మడత విప్పితే అదే గౌను మరో ఏడాది సరిపోయేది. "ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు, తక్కువైతే అతుకేగా గతి" అనేది. ఆ మాటను నమ్ముకునే వీధిలోని తల్లులందరూ ఆమె గుమ్మం తొక్కేవారు. ఆ మాటే ఒకనాడు ఆమె కొంప ముంచుతుందని ఎవరూ అనుకోలేదు.

ఆమె భర్తది తీగ పని. వీధి మలుపులోని ఇరుకు షాపులో కూర్చుని, కాలిపోయిన మోటార్లలోంచి నల్లబడ్డ తీగను లాగిపారేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, చచ్చినదాన్ని మళ్లీ తిప్పేవాడు. చేతికి ఎంత పనో నోటికి అంతకు రెట్టింపు పని. అందుకే అందరూ ఆయన్ని రేడియో అనేవారు. పంపు మోటారు ఆగిపోయిందని వెళ్లినవాడికి ముందు ఇంటిల్లిపాది క్షేమసమాచారం, తరువాత వాతావరణం, ఆ తరువాత ఎవరి పిల్లాడు ఏ ఉద్యోగంలో చేరాడన్న కబురు, చిట్టచివర మోటారు సంగతి. ఫోను వచ్చాక ఆ రేడియోకి స్టేషన్లు పెరిగాయి. చేతులు తీగ చుడుతూనే ఉండేవి. మెడ ఒక పక్కకి వాల్చి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని లోకమంతటితో మాట్లాడుతూ ఉండేవాడు. మాట ముగిశాక ఫోను ఎడమ జేబులో పడేది. కూతురు చేసినప్పుడు మాత్రం తీగ కింద పెట్టేవాడు. ఆమె ఊరికి ఆ చివర ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. మధ్యాహ్నం విరామంలో తండ్రికి ఫోను చేయని రోజు లేదు.

బాగుచేసిన మోటారును పరీక్షించడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అది తిరుగుతూ ఉండగా స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రొమ్ము దాదాపు మోటారు మీద వాలేలా వంగి వినేవాడు. లోపల బేరింగు ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం అలా వింటూ వింటూనే పక్కకి ఒరిగిపోయాడు. మోటారులో లోపం లేదు. ఆయన గుండే మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఆసుపత్రిలో తేల్చారు. ఎడమ వైపు కాలర్ ఎముక కింద చర్మం కోసి, పేస్‌మేకర్ అనే చిన్న పెట్టె పెట్టి, దాని తీగను గుండెలోకి పంపి కుట్టేశారు.

"నా గుండెకి కూడా వైండింగ్ చేశారే" అన్నాడు మెలకువ వచ్చాక. "కుట్టు చూశావా? నీ అంత నీటుగా లేదు."

"ఊరుకోండి. మాట్లాడకూడదన్నారు."

"మాట్లాడకూడదంటే పెట్టె ఎందుకు పెట్టినట్టు? కరెంటు వేస్ట్. అన్నట్టు, గ్యారంటీ ఎన్నేళ్లో కనుక్కున్నావా?"

ఆమె నవ్వలేదు. షాపు నేల మీద, రాగి ముక్కల మధ్య, కళ్లు తెరిచి పలకకుండా పడి ఉన్న మనిషి ముఖం ఆమె కళ్లలోంచి ఇంకా పోలేదు.

ఇంటికి పంపే రోజున డాక్టరు వచ్చాడు. మంచానికీ తలుపుకీ మధ్య నడుస్తూనే చెప్పాడు. ఫోను వాడుకోవచ్చు, కుడి చెవి దగ్గర పెట్టుకోవాలి, ఎడమ జేబులో మాత్రం వద్దు. "ఈ పెట్టె నుంచి జానెడు దూరం ఉంటే చాలు" అని తన రొమ్ము మీదే వేళ్లు చాచి చూపించాడు. తిరిగే పెద్ద మోటార్ల మీదికి వంగకూడదు, చేయి చాచినంత దూరంలో ఉండాలి. వెల్డింగ్ జోలికి పోకూడదు. మిగతా అంతా మామూలే.

"దగ్గరికొస్తే ఏమవుతుందండీ?" అని అడిగింది మిషనక్క.

"పెట్టె కొంచెం తికమకపడొచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాట అనేసరికి ఆయన చెయ్యి తలుపు గడియ మీద ఉంది.

ఫోను కాస్త పక్కకి జరిగితే ఆ తికమక కూడా పోతుందని, పెట్టె తన పని తాను చేసుకుంటుందని మరొక్క వాక్యం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. బయట మరో పాతిక మంది ఎదురుచూస్తున్నారన్నది కారణమే. కారణం ఉన్నంత మాత్రాన లోటు పూడదు. మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాసిస్తారు. భయాన్ని ఎక్కడ ఆపుకోవాలో రాసివ్వరు. ఆ పని ఎవరి విధుల్లోనూ లేదు.

ఇంటికొచ్చిన రోజే మిషనక్క ఆలోచనలో పడింది. జానెడన్నాడు. జానెడంటే ఎవరి జాన? నిద్రలో ఈయన ఒత్తిగిల్లితే? దగ్గితే? చెప్పులు తొడుక్కోవడానికి వంగితే? కదలకుండా నిలబడిన మనిషికి కొలత తీస్తాం, ఆ బట్టలోనే అతను కూర్చుంటాడు, లేస్తాడు, పరుగెత్తుతాడు. అందుకేగా లోపల గుడ్డ వదిలేది. జానెడును ఆమె ముందు చేతి పొడవు చేసింది. చేతి పొడవును గది పొడవు చేసింది. వారం తిరగకుండా ఇంట్లోని ఫోన్లు రెండూ ఒక గుడ్డసంచిలో చేరి, గుమ్మం బయట మేకుకు వేలాడాయి.

"చెప్పులూ ఫోన్లూ గుమ్మం బయటేనా?" అన్నాడు రేడియో. "రెండూ పాతవే. ఎవడైనా ఎత్తుకుపోతే ముందు దేనికి ఏడవాలో కూడా నువ్వే చెప్పు."

"మీ ప్రాణం ఎత్తుకుపోకుండా ఉంటే చాలు నాకు."

ఆయన సంచి మూతిని తానే ముడి వేశాడు.

నిప్పుకు గాలి తోడైనట్టు పైవాటా బాబాయి తోడయ్యాడు. ఉద్యోగం నుంచి దిగిపోయి పొద్దుపోక, ఫోను ఎంత ప్రమాదమో ఫోనులోనే చూసి, ఫోనులోనే అందరికీ పంపుతూ కూర్చునే మనిషి. ఒకనాడు మెట్లు దిగి వచ్చి, రెండు ఫోన్ల మధ్య గుడ్డు ఉడుకుతున్న వీడియో చూపించాడు.

"చూడమ్మాయ్, గుడ్డే ఉడికిపోయింది. ఇక మెదడెంత? క్యాన్సర్లన్నీ ఇందులోంచే అంటున్నారు. టవర్ల దగ్గర పిచ్చుకలు కూడా బతకవట."

"బాబాయ్, ఆ ఫోన్లెక్కడ దొరుకుతాయో కనుక్కోండి" అన్నాడు రేడియో లోపలి నుంచి. "గ్యాస్ ఖర్చు కలిసొస్తుంది."

"నవ్వు, నవ్వు. లోపల కరెంటు పెట్టె పెట్టుకుని ఇంత ధీమాగా నవ్వేవాణ్ణి నిన్నే చూశా."

పేస్‌మేకర్‌కు ఫోనును ఎడంగా ఉంచమనడం కొలత తెలిసిన జాగ్రత్త. ఫోను తరంగాల వల్ల మెదడులో గడ్డలు వస్తాయన్నది తీర్పు రాని అనుమానం. గుడ్డు ఉడకడం వట్టి అబద్ధం. ఈ మూడింటినీ విడదీసి ఆమె ముందు పెట్టవలసిన బాధ్యతను ఎవరూ నెత్తిన వేసుకోలేదు గనుక, మూడూ ఆమె మనసులో ఒకే ముడిగా బిగుసుకున్నాయి. ముడి విప్పడం తెలియనప్పుడు మనిషి చేసేది ఒకటే, దాన్ని ఇంకా బిగించడం.

షాపు మూతపడింది. తిరిగే మోటారుకు దూరంగా ఉండమన్నారు. కూర్చుని తీగ చుట్టుకోవద్దని ఎవరూ అనలేదు. చుట్టేటప్పుడు ఆ తీగలో కరెంటే ఉండదని రేడియో చెప్పి చూశాడు. "చుట్టాక తిప్పి చూడకుండా ఉండగలరా?" అని అడిగింది ఆమె. ఆయన అబద్ధమాడలేకపోయాడు. షట్టరు ఆమే దించింది. తరువాత ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబులు విప్పదీసింది. వెలిసిన చొక్కాల మీద జేబు ఉన్న చోటు మాత్రం కొత్త రంగులో నలుచదరంగా మిగిలిపోయింది.

చివరికి ఆమె చూపు తన కుట్టుమిషను మీదే పడింది. దానికొక చిన్న మోటారు ఉంది. ఆమె మోకాళ్లు అరిగిపోతున్నాయని ఒకప్పుడు ఆయనే ఎక్కడినుంచో పాతది తెచ్చి, తీగ చుట్టి, బెల్టు తగిలించి పెట్టిన మోటారు.

"విప్పెయ్యండి" అంది.

"ఇది పెసరగింజంత మోటారే. దీనికి నన్ను చంపేంత సీను లేదు."

"ఎక్కువ జాగ్రత్త పడితే పోయేదేముంది?"

తక్కువైతే ఏం పోతుందో ఆమె చూసింది. ఎక్కువైతే ఏం పోతుందో చూసినవాళ్లు ఆ ఇంట్లో అప్పటికి లేరు. ఆయన బెల్టు విప్పాడు. ఆమె మళ్లీ కాళ్లతో తొక్కడం మొదలుపెట్టింది.

చుట్టడానికి అలవాటుపడిన చేతులు ఊరికే ఉండలేక, ఆమె బాబిన్లకు దారం చుట్టి పెట్టేవాడు. రాగితీగ చుట్టినంత శ్రద్ధగా, వరుస మీద వరుస, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా. కొన్నాళ్లకు ఇంట్లో ఖాళీ బాబిన్ లేకుండా పోయింది. అప్పుడు నిండినదాన్ని విప్పి మళ్లీ చుట్టేవాడు. ఆమె చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

కూతురి ఫోను వస్తే మిషనక్క గుమ్మం బయట నిలబడి, స్పీకరు పెట్టి, ఫోను ఉన్న చేతిని వీధి వైపు చాచేది. ఆయన లోపలి గదిలోంచి అరిచేవాడు.

"బాగున్నాను తల్లీ. మీ అమ్మ నన్ను మ్యూజియంలో పెట్టింది. టికెట్టు కొనుక్కుని రా."

"నాన్నా, వీధంతా వింటోంది."

"విననీ. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒకేసారి అయిపోతోంది."

అందరూ నవ్వేవారు. పోను పోను ఆ అరుపులు పొట్టివయ్యాయి. మాటలంటే పడిచచ్చే మనిషికి అరవడమంటే రోత. మనసులో మాట అరిచి చెప్పగలిగేది కాదు. కొన్నాళ్లకు "బాగున్నా తల్లీ, నువ్వు తిన్నావా" దగ్గరే రేడియో ఆగిపోయేది.

చెకప్ రోజున ఒక అమ్మాయి ఆయన రొమ్ము మీద చిన్న బిళ్ల ఆనించి, తెర మీద గీతలు చూసి, "ఎక్కడా తేడా లేదండీ. బాగా జాగ్రత్తగా ఉన్నట్టున్నారు" అంది. మిషనక్క భర్త వైపు చూసింది, చూశారా అన్నట్టు. గొడుగు వేసుకుని వెళ్లిన రోజు వాన పడకపోతే, వానను గొడుగే ఆపిందని మామూలు మనిషి అనుకోడు. భయపడిన మనిషి అనుకుంటుంది.

"అమ్మా, ఫోను గురించి..." అని రేడియో మొదలుపెట్టాడు.

ఆమె మధ్యలో అందుకుంది. "ఫోను తరంగాల వల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా?"

పక్కనున్న కుర్ర డాక్టరు నిజాయితీపరుడే. "దాని మీద చాలా పరిశోధనలు జరిగాయండీ, ఇంకా జరుగుతున్నాయి. హాని చేస్తుందని గట్టి రుజువు లేదు. అసలేమీ లేదని నూటికి నూరుపాళ్లు కూడా చెప్పలేం."

చెప్పింది అక్షరాలా సరైన మాట. కానీ వాళ్లు "చెప్పలేం" అన్న చోట ఆమెకు "ఉంది" అని వినిపించింది. రేడియో అడగాలనుకున్న ప్రశ్న ఆయన నోట్లోనే ఉండిపోయింది. వెనక నిలబడినవాళ్లు అప్పటికే కుర్చీ లాక్కుంటున్నారు.

చలిరోజుల్లో మిషనక్క మోకాళ్లు మొండికేశాయి. తొక్కుతూ తొక్కుతూ ఆగి, పెదవి కొరికి, మళ్లీ తొక్కేది. స్కూలు యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. ఆయన కాసేపు చూసి కుర్చీలోంచి లేచాడు.

"మిషను చప్పుడుకంటే నీ మోకాళ్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది."

"మీ చెవులకి వేరే పనిలేక."

"ఒక పని చేద్దాం. రోజూ పొద్దున్నే నేను బయటికి పోతాను. నేను వచ్చేదాకా నువ్వు మోటారు తగిలించుకుని కుట్టుకో. దానికీ నాకూ ఒకే ఇంట్లో పొసగదన్నావుగా, వంతులేసుకుంటాం. సవతుల్లాగా."

ఆ మాటకు ఆమె చాలా రోజుల తరువాత నవ్వింది. ఆ నవ్వు కోసమేనేమో, మర్నాటి నుంచి ఆయన ఒక్కరోజు కూడా తప్పలేదు. ప్లగ్గు పీకి ఉండగా బెల్టు తానే తగిలించి, చెప్పులు తొడుక్కుని, పార్కుకి వెళ్లేవాడు. ఆమె పని ఎంతుందో కళ్లతోనే అంచనా వేసుకుని, అంతసేపు అక్కడే తిరిగి వచ్చేవాడు.

విషయం తెలిసి కూతురు తల్లితో పోట్లాటకి దిగింది.

"బయటికి వెళ్లేటప్పుడైనా నాన్నకి ఫోను ఇవ్వమ్మా. ప్యాంటు జేబులో పెట్టుకుంటారు."

"ప్యాంటు జేబు గుండెకి ఎంత దూరమే? ముడుచుకుని కూర్చుంటే జానెడు ఉండదు."

"అయితే సంచిలో వేసి చేత్తో పట్టుకోమను."

"చెయ్యి ఊపుతారు."

"అబ్బ, నీతో లెక్క తేలదమ్మా."

"నువ్వు లెక్కల టీచరువి. నాకు కొలతలే వచ్చు."

"సరే. ఈసారి చెకప్‌కి నేనొస్తాను. డాక్టర్ని నేనే అడుగుతాను. అప్పుడైనా వింటావా?"

"ఆయన చెబితే ఎందుకు వినను" అంది మిషనక్క. ఆ మాట నిజంగానే అంది.

ఆ చెకప్ రోజు రాలేదు.

ఆ పొద్దున యూనిఫారాలకు కాలర్లు మాత్రం మిగిలాయి. మోటారు చక్కగా నడుస్తోంది, మోకాళ్లకు హాయిగా ఉంది. ఎండ కిటికీ దాటి నేల మీదికి వచ్చింది. ఈపాటికి ఆయన రావాలే అనుకుంది. అనుకుని, ఇంకాసేపు రాకపోతేనే బాగుండును, ఈ కాలర్లు కూడా అయిపోతాయి అనుకుంది. ఆ తలపు ఎవరికీ వినిపించలేదు. కానీ తరువాతి రోజుల్లో ఎవరు ఓదార్చడానికి వచ్చినా, వాళ్ల మాటల కింద ఆమెకు అదొక్కటే వినిపించేది.

బయట సంచిలో ఫోను మోగింది. కూతురు.

"నాన్నేరీ?"

"ఇంకా రాలేదే."

"ఇంతసేపు ఎప్పుడూ ఉండరే" అంది కూతురు. మిషనక్క మోటారు ప్లగ్గు పీకకుండానే వీధిలోకి నడిచింది. పైవాటా బాబాయి చెప్పులు లేకుండా వెంట వచ్చాడు.

పార్కులో తోటమాలి చెప్పాడు. బెంచీ మీద ఒకాయన కూర్చుని కూర్చునే పోయినట్టున్నాడని, ఎవరో అంబులెన్సును పిలిచారని, తీసుకెళ్లి చాలాసేపయిందని. ఆసుపత్రిలో ఒక కాగితం మీద "గుర్తు తెలియని పురుషుడు" అని రాసి ఉంది. ఆయన నోరు విప్పితే చాలు, వీధి వీధంతా గొంతు గుర్తుపట్టే మనిషి. ఆ పొద్దున తానెవరో చెప్పే ఒక్క వస్తువు ఆయన వంటి మీద లేదు. లేకుండా చేసినవాళ్లు ఎవరో అక్కడ ఎవరూ అడగలేదు. ఆమె ఎవరికి చెప్పాలో తెలియక, ఆ కాగితాన్ని అరచేత్తో రుద్దుతూ నిలబడింది.

కొన్నాళ్లకు తోటమాలి ఇంటికి వచ్చాడు. మనసు ఒప్పక వచ్చానన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నిద్రపోతున్నారనుకున్నానమ్మా. రోజూ వచ్చే మనిషే. రోజూ పలకరిస్తారు. ఆ రోజు అంతకుముందు దూరంనించి చూశాను. ఎడం పక్క చొక్కా తడుముకుంటున్నారు. మళ్లీ మళ్లీ తడుముకున్నారు. దురద పుట్టిందేమో అనుకుని నేను నీళ్ల పైపు చూసుకోడానికి పోయాను. దగ్గరికెళ్లి ఉండాల్సింది."

ఎందుకు తడుముకున్నాడో మిషనక్కకు తెలుసు. ఎన్నో ఏళ్ల అలవాటు. ఆపద వేళ చెయ్యి అలవాటున్న చోటికే పోతుంది. ఆమె తోటమాలిని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "నీ తప్పేం లేదు బాబూ" అంది. అనగలిగింది, ఎందుకంటే అతని విషయంలో అది నిజం.

అప్పటినుంచి ఒకే ప్రశ్న ఆమెను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఫోను దగ్గరుంటే ఆయన బతికేవాడా? కూతురిని అడిగితే, "అలా ఆలోచించకమ్మా" అని ఏడ్చింది. ఆ ఏడుపులోనే తనకు కావలసిన జవాబు ఉందని మిషనక్కకు తోచింది. చివరికి ఒక్కతే ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరు ఆమెను కూర్చోమన్నాడు. తలుపు వేయించాడు. ఆయన కింద పని చేసే అమ్మాయి నీళ్లు తెచ్చి పెట్టింది. ఇవన్నీ ఇంటికి పంపిన రోజే దొరికి ఉంటే అన్న ప్రశ్న ఆమెకు తట్టలేదు. తట్టవలసిన ప్రశ్న అదే.

"పెట్టె చివరిదాకా సరిగ్గానే పనిచేసిందమ్మా" అన్నాడు డాక్టరు. "గుండెకి రక్తం వెళ్లే నాళం పూడిపోయింది. అది వేరే జబ్బు. దానికీ పెట్టెకీ సంబంధం లేదు."

"ఫోనుంటే?"

"అంటే?"

"చేతిలో ఫోనుంటే ఎవరికైనా చేసేవారు. నాకు చేసేవారు. అప్పుడు బతికేవారా?"

డాక్టరు బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపాడు. "కొంతమంది బతుకుతారు. ఆయన బతికేవారా అంటే, చెప్పలేం."

ఆమె తలూపింది. ఈ మాట ఇక్కడ ఇంతకుముందు కూడా విన్నది. అప్పుడు దాన్ని భయం వైపు తిప్పుకుంది. ఇప్పుడు ఎటు తిప్పుకున్నా నేరం తన వైపే తిరుగుతోంది.

"ఫోను ఎందుకు లేదమ్మా? నేను వాడుకోవచ్చన్నానే. జానెడు దూరం చాలన్నానే."

"అన్నారండీ. నేను కాస్త వదిలాను."

"వదిలారా?"

"నేను కుట్టుపని చేస్తానండీ." రెండు వేళ్లు బల్ల మీద పెట్టి చూపించింది. "కొలతకి కొంచెం అదనంగా వదులుతాం. తరవాత ఇబ్బంది పడకుండా."

డాక్టరుకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. చెప్పకుండా ఉండవలసిందేమో. కానీ ఎదుట కూర్చున్న మనిషి నిజం కోసం వచ్చిందని ఆయన గ్రహించాడు.

"జానెడు అన్నామంటే అందులోనే మేం వదిలామమ్మా. నిజానికి అంత కూడా అక్కర్లేదు."

కొలత చెప్పినవాళ్లే లోపల గుడ్డ వదిలి చెప్పారు. దాని మీద ఆమె మళ్లీ వదిలింది. వదిలి వదిలి, చివరికి ఆ దూరంలో మనిషే అందకుండా పోయాడు.

ఆమె లేచి దండం పెట్టి బయటికి వచ్చింది. వరండాలో బెంచీలు నిండుగా ఉన్నాయి. ఒక చివర కాస్త చోటు చూసుకుని కూర్చుంది. పక్కన తన ఈడు ఆడమనిషి, ఆమె పక్కన భర్త. అతని చొక్కా గుండీల సందులోంచి ఎడమ కాలర్ ఎముక కింద తెల్ల ప్లాస్టరు కనిపిస్తోంది. భార్య ఒళ్లో తువ్వాలు మూట. మూటలోంచి ఫోను మోగుతోంది.

"ఆఫీసు నుంచేమోనే. ఒక్కసారి ఇలా ఇవ్వు."

"మోగనివ్వండి. కొంపలేం మునగవు. పెట్టె పెట్టి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే ఫోనట."

"డాక్టరు పర్లేదన్నాడుగా."

"ఆయనకేం, అంటాడు. పోయేది మన ప్రాణం."

మిషనక్క ఆ మూట వైపు చూసింది. తన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుంది.

"ఆ ఫోను ఆయనకిచ్చెయ్యండమ్మా. జానెడు దూరం ఉంటే ఏం కాదు. కుడి చెవికి పెట్టుకోమనండి. అంతే."

ఆ భార్య అనుమానంగా తిరిగింది. "మీకెలా తెలుసు?"

"మా ఆయనకీ ఇదే పెట్టె."

"అలాగా. ఎలా ఉన్నారు మీ ఆయన?"

వరండాలో ఎవరి పేరో పిలుస్తున్నారు. నిజం చెబితే ఈవిడ ఆ మూటకి ఇంకో ముడి వేస్తుంది. పోయాడన్న మాట చెవినపడ్డాక జానెడును ఎవరూ నమ్మరు. తనే అయితే నమ్మేది కాదు. బతికి ఉన్న మనిషి సాక్ష్యమే ఇక్కడ చెల్లుతుంది.

"బాగున్నారు" అంది మిషనక్క.

"పనికి వెళ్తున్నారా?"

"షాపులోనే ఉంటారు. మోటార్ల పని. పొద్దస్తమానం ఫోనే. మాటలు మరీ ఎక్కువ." కొంగు సర్దుకుంది. "చెప్పినా వినరు."

"విన్నావా?" అన్నాడు ఆ భర్త, ముఖం వెలిగిపోతూ. "నేను చెబితే వినవుగా. మోటార్ల మధ్యలోనే ఉంటున్నాడట ఆయన."

భార్య కాసేపు మూటను చేతుల్లోనే ఉంచుకుని, నెమ్మదిగా ముడి విప్పింది. అతను ఫోను అందుకుని కుడి చెవి దగ్గరకు తీసుకెళ్లి, తటపటాయించి, మిషనక్క వైపు చూశాడు. "అమ్మా, మీ ఆయన నంబరు ఒకసారి ఇస్తారా? ఏదైనా అనుమానమొస్తే ఆయన్నే అడుగుతాను. అనుభవం ఉన్న మనిషి చెబితే ధైర్యంగా ఉంటుంది."

ఆ నంబరు ఆమెకు నోటికొచ్చు. మొదటి అంకె నాలుక మీదికి వచ్చి ఆగింది.

"ఆయన పనిలో ఉంటే ఎత్తరండీ" అంది. "నాది రాసుకోండి. నేను ఎప్పుడు చేసినా ఎత్తుతాను."